పది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోండి: పసిపిల్లల ఆటను చూడటం ఎలా

మాది వరాహ నది ఒడ్డున, ఏటికొప్పాకకు దగ్గర్లో ఒక చిన్న ఊరు. ఇక్కడ అంగన్‌వాడీ టీచరుగా ఇరవై రెండేళ్ల నుంచి పని చేస్తున్నాను. ఈ ఏడు నా దగ్గర మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు పద్దెనిమిది మంది ఉన్నారు. మొదటి ఎనిమిదేళ్లు నేను పిల్లల్ని కాపలా కాశాను, అంతే. పడిపోకుండా, కొట్టుకోకుండా, గేటు దాటి రోడ్డు మీదికి పోకుండా కనిపెట్టుకుని ఉన్నాను. వాళ్ల ఆటను చూడటం అనేది వేరే పని అని, దానికి ఒక పద్ధతి ఉంటుందని నాకు ఒక పాప వల్ల తెలిసింది. ఆ సంగతి ముందు ముందు చెబుతాను. మీరు టీచరైనా, ఇంట్లో మనవల్ని చూసుకునే అమ్మమ్మ అయినా, ఉద్యోగానికి వెళ్లొచ్చే తల్లిదండ్రులైనా ఈ పని చేయొచ్చు. ఖర్చేమీ లేదు. ఒక రూళ్ల పుస్తకం, ఒక పెన్ను, రోజుకు పది నిమిషాలు ఉంటే చాలు. పిల్లల పేర్లు మాత్రం ఎక్కడా రాయను. నా పుస్తకంలో కూడా రాయను, గుర్తులే పెట్టుకుంటాను.

ఎక్కడ కూర్చోవాలి

పీట వేసుకోండి, కుర్చీ వద్దు. కుర్చీలో కూర్చుంటే పిల్లల తలలు కనిపిస్తాయి తప్ప చేతులు కనిపించవు. ఆటంతా చేతుల్లోనే ఉంటుంది. ఆడుకునే చోటుకి రెండు మూడు బారల దూరంలో, గోడకు వీపు ఆనించి కూర్చోండి. మాటలు వినపడాలి, కానీ ఆటకు మీరు అడ్డం కాకూడదు.

మొదటి రెండు మూడు రోజులు పిల్లలు మీ చుట్టూ మూగుతారు. "ఏటి రాస్తున్నారు టీచరమ్మా?" అని పుస్తకంలో తల పెడతారు. అబద్ధం చెప్పకండి. "మీరేం ఆడుతున్నారో రాసుకుంటున్నాను" అనండి, అక్కడితో ఆపేయండి. నాలుగో రోజుకి మిమ్మల్ని పట్టించుకోరు. అసలు పని అప్పటి నుంచి మొదలవుతుంది.

ఒకసారి ఒక్క పిల్లనో పిల్లాణ్నో మాత్రమే చూడండి, పది నిమిషాలు. అన్నం వేళకు ముందు వద్దు, ఆకలితో ఉన్న పిల్లలు ఆడరు, విసుక్కుంటారు. నిద్ర లేచిన వెంటనే కూడా వద్దు. మా కేంద్రంలో ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదిన్నర మధ్య మంచి సమయం. మీ ఇంట్లో ఏది మంచి సమయమో రెండు రోజుల్లో మీకే తెలుస్తుంది.

అన్నిటికంటే కష్టమైనది నోరు కట్టుకోవడం. పిల్ల నాలుగు మూతలు ముందు పెట్టుకోగానే "ఎన్ని ఉన్నాయమ్మా? ఎర్రది ఏది?" అని అడగాలని నాలుక పీకుతుంది. అడిగారా, ఆట ఆగిపోతుంది. అప్పటిదాకా ఆ మూతలు ఇడ్లీలో, బస్సు చక్రాలో అయి ఉంటాయి. మీరు అడిగిన క్షణం నుంచి అవి ఉత్త మూతలు అయిపోతాయి. పిల్ల "నాలుగు" అని చెప్పి మీ మొహంలోకి చూస్తుంది, ఇంకేం అడుగుతారా అని. నేను మొదట్లో ఎన్నో ఆటల్ని ఇలా పాడు చేశాను.

పుస్తకంలో రెండు పేజీలు

పుస్తకం తెరిస్తే ఎడమ పేజీ, కుడి పేజీ ఉంటాయి కదా. ఎడమ పేజీ మీద "చూసింది, విన్నది" అని రాయండి. కుడి పేజీ మీద "అనుకున్నది" అని రాయండి. ఆట జరుగుతున్నప్పుడు ఎడమ పేజీ మాత్రమే నింపాలి. కుడి పేజీ పిల్లలు ఇళ్లకు వెళ్లాకే.

ఎడమ పేజీలో రాయకూడని మాటలు కొన్ని ఉన్నాయి. మంచి, అల్లరి, మొండి, చురుకు, మందకొడి, బుద్ధిమంతుడు, సిగ్గరి. ఇవన్నీ మన మనసులోని మాటలు. కంటికి కనపడవు. "మొండిగా ఉన్నాడు" అని రాస్తే పిల్లవాడు ఏం చేశాడో ఎవరికీ తెలియదు. "బంతి అడిగితే రెండు చేతులతో పొట్టకు హత్తుకుని గోడ వైపు తిరిగాడు" అని రాస్తే తెలుస్తుంది. నేను పెట్టుకున్న పరీక్ష ఒకటి ఉంది. ఆ పేజీ చదివి మా ఆయమ్మ ఆ పిల్లాడు చేసినట్టే చేసి చూపించగలగాలి. చూపించలేకపోతే నేను సరిగా రాయనట్టే.

పిల్లల మాటల్ని వాళ్లు అన్నట్టే రాయండి. దిద్దకండి. "కాలుతాది" అంటే "కాలుతుంది" అని మార్చొద్దు. అరగంటకొకసారి కాకుండా నిమిషం నిమిషానికి టైము వేయండి. ఎన్నిసార్లు చేశారో లెక్క పెట్టండి.

ఇదిగో, కిందటి ఏడాది నా పుస్తకంలోని ఒక ఎడమ పేజీ, ఉన్నది ఉన్నట్టు:

"9:52. ఇసుక దగ్గర ఇద్దరు. పాపకు నాలుగేళ్ల మూడు నెలలు, బాబుకు మూడేళ్ల పది నెలలు. పాప రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టింది. మధ్యలో ఎండు పుల్లలు దోపింది. పైన కొబ్బరి చిప్ప. 'టీ కొట్టు' అంది.

9:53. బాబు చిప్పలో వేలు పెట్టాడు. పాప: 'కాలుతాది!' బాబు వేలు వెనక్కి లాక్కుని ఉఫ్ ఉఫ్ అని ఊదుకున్నాడు.

9:55. పాప సీసా మూతతో కుండీలోంచి నీళ్లు తెచ్చి చిప్పలో పోసింది. నాలుగు సార్లు తిరిగింది. ఐదోసారి మూత అక్కడే పడేసి స్టీలు గ్లాసు తీసుకెళ్లింది.

9:57. బాబు: 'ఒక టీ.' పాప గుప్పెడు ఇసుక తీసింది, చక్కెర. బాబు: 'మా తాతకి షుగరు.' పాప చెయ్యి ఆగింది. ఇసుక కింద వదిలేసి టీ ఇచ్చింది.

9:58. బాబు వేపాకు ఇచ్చాడు. పాప: 'చిల్లర లేదు.' ఆకును రెండు ముక్కలు చేసి ఒకటి తిరిగిచ్చింది.

10:00. బాబు: 'ఇప్పుడు నాను కొట్టోణ్ని.' పాప: 'నువ్వు రేపు.' బాబు ఇటుక మీద కూర్చున్నాడు, లేవలేదు. పాప నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. తర్వాత 'సరే, నువ్వు బజ్జీలెయ్యి' అని టేకాకు ఇచ్చింది. బాబు లేచాడు."

ఎనిమిది నిమిషాల ఆట ఇది. దారిన పోయేవాళ్లకు ఇద్దరు పిల్లలు మట్టిలో దొర్లుతున్నట్టే కనిపిస్తుంది. సాయంత్రం కుడి పేజీ రాయడానికి కూర్చుంటే నాకు ఒక పేజీ సరిపోలేదు.

"కాలుతాది" అన్నప్పుడు అక్కడ నిప్పు లేదు. బాబుకు కూడా తెలుసు లేదని. అయినా వేలు లాక్కుని ఊదుకున్నాడు. ఒకరు ఊహించింది ఇంకొకరు ఒప్పుకున్నారు, ఇద్దరూ ఆ ఊహకు కట్టుబడ్డారు. నియమాన్ని పాటించడం పిల్లలు మొదట నేర్చుకునేది ఇలాంటి ఆటల్లోనే. రష్యా మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ 1933లో పిల్లల ఆట గురించి మాట్లాడుతూ కర్రను గుర్రంగా చేసుకుని ఎక్కే పిల్లవాడి సంగతి చెప్పారు. కర్ర కంటికి కనిపిస్తుంది, గుర్రం మనసులో ఉంటుంది. వస్తువును దాని అర్థం నుంచి విడదీయడం అక్కడ మొదలవుతుంది. మా పాప చేతిలో వేపాకు రూపాయి నోటైంది. రేపు ఒకటో తరగతిలో పలక మీద ఒక గీతల ముద్దను చూసి అది "అ" అనే ధ్వని అని నమ్మాలి. ఆకును నోటని నమ్మగల పిల్లకు అది కొత్త పని కాదు.

మూత వదిలేసి గ్లాసు తీసుకోవడం చూడండి. ఎవరూ చెప్పలేదు. నాలుగు సార్లు తిరిగి, ఇలా అయితే చిప్ప నిండదని తనకే తట్టింది. అది కొలత. ఆకు చింపడం సగం అనే లెక్క, ఆ చింపిన పని రెండు చేతుల వేళ్లకు కసరత్తు. పెన్సిలు పట్టుకునేది ఆ వేళ్లే.

వీటన్నిటికంటే నన్ను ఆపేసింది ఆ చక్కెర. పాప దగ్గర గుప్పిట్లో ఇసుక ఉంది, వేయాలని ఉంది. "మా తాతకి షుగరు" అన్న ఒక్క మాటకు చెయ్యి ఆగిపోయింది. ఆ తాత అక్కడ లేడు. లేని మనిషికి ఏది పడదో తలచుకుని, తన చేతిని తను ఆపుకుంది. నాలుగేళ్ల పిల్ల! "చెప్పిన మాట వినదు" అని వాళ్లమ్మ ఆ పిల్ల గురించి రోజూ అంటుంది. ఆ పేజీ నేను వాళ్లమ్మకు చదివి వినిపించాను.

ఎవరితో ఎలా ఆడుతున్నారు: ఒక్క నిమిషం లెక్క

ఎక్కువ మంది పిల్లలు ఉన్నచోట ఒక్కొక్కరికి పది నిమిషాలు అంటే కష్టం. దానికి ఒక పాత ఉపాయం ఉంది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో మిల్డ్రెడ్ పార్టెన్ అనే ఆవిడ ఒక్కో పిల్లను ఒక్కో నిమిషం చొప్పున, రోజుల తరబడి చూసి లెక్క వేసి, 1932లో ఆ వివరాలు ప్రచురించారు. పిల్లలు తోటివాళ్లతో మెలిగే తీరును ఆమె ఆరు రకాలుగా విడదీశారు. నేను వాటికి నా సొంత గుర్తులు పెట్టుకున్నాను.

ఏ ఆటా లేకుండా అటూ ఇటూ తిరుగుతుంటే "తి". ఒంటరిగా తన ఆటలో తను ఉంటే "ఒం". పక్కన నిలబడి ఇతరుల ఆట చూస్తుంటే "చూ". పక్కపక్కనే కూర్చుని ఒకే రకం వస్తువులతో ఎవరి ఆట వాళ్లు ఆడుతుంటే "ప". మాట్లాడుకుంటూ, వస్తువులు ఇచ్చిపుచ్చుకుంటూ, కానీ అందరికీ కలిపి ఒక పని లేకుండా ఆడుతుంటే "ఇ". నువ్వు కొట్టు, నేను బేరం అని పాత్రలు పంచుకుని కలిసి ఆడుతుంటే "క". ఒక కాగితం మీద పిల్లల గుర్తులు నిలువుగా, తేదీలు అడ్డంగా వేసుకుని, ఒక్కొక్కరినీ ఒక నిమిషం చూసి గడిలో గుర్తు పెట్టడమే. పద్దెనిమిది మందికి ఇరవై నిమిషాలు పడుతుంది. నేను వారానికి రెండు రోజులు చేస్తాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. "ఒం" తక్కువ, "క" ఎక్కువ అని దీన్ని మార్కుల పట్టిక చేయకండి. రెండేళ్ల పిల్లలు ఎక్కువగా పక్కపక్కన ఆడతారు, నాలుగు దాటాక కలిసి ఆడటం పెరుగుతుంది, అంతవరకు నిజం. కానీ ఐదేళ్ల పిల్ల ఒంటరిగా కూర్చుని ముప్పావు గంట చింతపిక్కలతో ముగ్గు వేస్తే ఆమె వెనకబడినట్టు కాదు. ఒక్క రోజు గుర్తు చూసి ఏమీ అనుకోవద్దు. నెల రోజుల వరస చూడండి.

ఆ పాప సంగతి

పద్నాలుగేళ్ల కిందట మా కేంద్రానికి నాలుగేళ్ల పాప ఒకతె వచ్చేది. స్తంభానికి ఆనుకుని నిలబడి ఆటలు చూసేది. పిలిస్తే రాదు. చెప్పింది చేయదు. రిజిస్టరులో నేను "మొండి. కలవదు" అని రాశాను. ఏడాదంతా ఆ రెండు మాటలే. ఇంట్లో కూడా అదే పేరు పడింది, దెబ్బలు కూడా పడ్డాయి.

ఆ ఎండాకాలం ఒక రోజు నాకు కాలు బెణికి, లేవలేక, అరుగు మీద కూర్చుండిపోయాను. పిల్లల్ని ఆయమ్మ చూసుకుంటోంది. చేసే పని లేక ఆ పాపనే చూస్తూ ఉన్నాను, ఎంతసేపో. పిల్లలు చెమ్మచెక్క ఆడుతున్నారు. ఎదురుగా ఉన్న అమ్మాయి చేతులు చాపితే ఈ పాప చప్పున వెళ్లి చప్పట్లు కలిపింది. బాగా ఆడింది, నవ్వింది. తర్వాత దాగుడుమూతలు మొదలుపెట్టారు. దొంగ కళ్లు మూసుకుని అరిస్తే అందరూ పరిగెత్తారు. ఈ పాప నిలబడిపోయింది. అందరూ పరిగెత్తడం చూశాక, అప్పుడు పరిగెత్తింది. వెనక నుంచి ఒక పిల్లాడు పేరు పెట్టి రెండుసార్లు పిలిచాడు. తల తిప్పలేదు. వాడు ముందుకొచ్చి చెయ్యి ఊపితే వెంటనే వెళ్లింది.

ఎదురుగా ఉన్న ఆటలన్నీ ఆడుతోంది. చెవితో ఆడాల్సిన ఆటల్లో ఆగిపోతోంది. నా గుండె జారిపోయింది. ఏడాది పాటు నా కళ్ల ముందే ఉంది ఆ సంగతి.

వాళ్లమ్మను తీసుకుని పట్నంలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాను. జలుబులు పదే పదే వచ్చి రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరిందని, అందుకే వినికిడి తగ్గిందని ఆయన చెప్పారు. చిన్నపిల్లల్లో ఇది తరచుగా వచ్చేదేనట. కొన్ని నెలలు వైద్యం చేయించాక తగ్గింది. కలవదు అని నేను రాసిన పిల్ల ఆ దసరా నాటికి దాగుడుమూతల్లో అందర్నీ పేరు పెట్టి పిలిచి ఆట నడిపించింది. రిజిస్టరులో నేను రాసిన ఆ రెండు మాటలు కొట్టేయలేదు, అలాగే ఉంచాను. రెండు పేజీల పుస్తకం మొదలుపెట్టింది అరుగు మీద కూర్చుని ఆ పాపను చూసిన మర్నాడే.

అదే పని మళ్లీ మళ్లీ చేస్తుంటే

పిల్లలు ఒకే పనిని విడవకుండా చేస్తుంటే చాలామందికి విసుగు, కొందరికి టెన్షన్. నాకు మాత్రం అప్పుడు పెన్ను వేగం పెరుగుతుంది. ఆ వయసులో ఆ పిల్లకు ఏది తెలుసుకోవాలని ఉందో ఆ పునరుక్తిలోనే ఉంటుంది.

పది నెలల పాపాయి చెంచా కింద పడేస్తుంది. మీరు తీసి ఇస్తారు. మళ్లీ పడేస్తుంది, ఒంగి చూస్తుంది. కంటికి కనపడకుండా పోయిన వస్తువు ఇంకా ఉంటుందా అన్నది ఆ వయసులో పెద్ద ప్రశ్న. స్విట్జర్లాండు శాస్త్రవేత్త ఝాఁ పియాజే తన ముగ్గురు పిల్లల్ని ఇంట్లోనే ఇలా చూసి, రాసుకుని ఎంతో తెలుసుకున్నారు. ఆయనకూ ఇలాంటి నోటు పుస్తకాలే ఆధారం. మన ఇళ్లలో కొంగుతో మొహం కప్పుకుని "బూచి" అని తీసే ఆట ఉంది చూశారా, పాపాయి అంతలా ఎందుకు కిలకిలా నవ్వుతుందంటే పోయిన మొహం తిరిగొచ్చింది కాబట్టి.

మా దగ్గర మూడున్నరేళ్ల బాబు ఒకడు గేటు దగ్గరి గులకరాళ్లను వేపచెట్టు కిందికి మోసేవాడు. గోనెసంచిలో వేసుకుని ఈడ్చేవాడు. ఒక పూట పదకొండు సార్లు తిరిగాడు. వాళ్ల నాన్న ట్రాక్టరు మీద ఇసుక తోలతాడు. "ఇదేం పనిరా" అని సంచి లాక్కోవాలని మా ఆయమ్మకు ఉంది. నేను ఆగమన్నాను. మర్నాడు వాళ్ల తాత చేత రెండు తాటికాయలకు కర్ర గుచ్చి బండి చేయించాను. ఈడ్చడానికి, తోయడానికి తేడా వాడికి చేతుల్లో తెలిసింది. ఎక్కువ రాళ్లు పెడితే బండి కదలదని, కొన్ని దింపితే కదులుతుందని ఆ పూటే కనుక్కున్నాడు. చూసినందుకు చేయాల్సింది ఇదే. పిల్ల ఏది వెతుకుతోందో దానికి సంబంధించిన ఇంకో వస్తువు మర్నాడు అందుబాటులో పెట్టండి. "దీంతో ఇలా ఆడు" అని చెప్పకండి, పెట్టి వెళ్లిపోండి.

ఎప్పుడు కలగజేసుకోవాలి

దెబ్బ తగిలేలా ఉంటే, నోట్లో ఏదైనా పెట్టుకుంటే, ఒక పిల్లను మిగతావాళ్లు కలిసి ఏడిపిస్తుంటే పుస్తకం మూసి లేవండి, ఆలోచించొద్దు. మిగతా గొడవల్లో మనసులో ఇరవై లెక్కపెట్టండి. టీ కొట్టు దగ్గర నేను లేచి "వంతులేసుకోండర్రా" అని ఉంటే పాపకు బజ్జీల సంగతి తట్టేది కాదు.

ఆట నీరసపడి, పిల్లలు అదే చోట తిరుగుతుంటే పాత్రలో చేరండి. బేరానికి వచ్చిన మనిషిలా "ఏమ్మా, బస్సు రావడానికి టైముంది, వేడిగా ఏముంది?" అనండి. ఒక్క మాట చాలు. వాళ్లు అందుకున్నాక టీ తాగినట్టు చేసి వచ్చేయండి. కలవలేని పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి "దీన్ని ఆడించుకోండి" అనకండి, ఆ పిల్ల మొహం చూడలేరు. ఆ ఆటకు పనికొచ్చే వస్తువు ఒకటి ఆ పిల్ల చేతికివ్వండి. అవతలివాళ్లే పిలుస్తారు.

ఏం ఆడుకోనివ్వాలి

ఏటికొప్పాక లక్క బొమ్మలు మాకు పక్కనే దొరుకుతాయి. అంకుడు కర్రతో చేసి, చెట్ల గింజలు, వేళ్లు, బెరడుల నుంచి తీసిన రంగులు వేస్తారు. పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం తక్కువ. మా కేంద్రంలో బొంగరాలు, చిన్న వంటపాత్రల సెట్టు ఉన్నాయి. కానీ నా పుస్తకాల్లో ఎక్కువ పేజీలు నింపినవి అట్టపెట్టెలు, పాత చీరముక్కలు, కొబ్బరి చిప్పలు, ఇసుక, నీళ్లు. బటన్ నొక్కితే పాడే బొమ్మ ఒకే ఆట ఆడిస్తుంది. అట్టపెట్టె బస్సవుతుంది, గుడవుతుంది, రాత్రి పడుకునే ఇల్లవుతుంది.

మూడేళ్ల లోపు పిల్లలు ఉన్నచోట చింతపిక్కలు, గోలీలు, గచ్చకాయలు, చిన్న మూతలు తీసేయాలి, గొంతులో అడ్డం పడతాయి. బొమ్మల్లో ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీలు ఇంకా ప్రమాదం. మింగితే కొద్ది గంటల్లోనే లోపల కాలుస్తాయి, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. నీళ్ల ఆట దగ్గర నుంచి ఒక్క క్షణం కూడా లేవకండి. అంగుళాల లోతు నీళ్లు కూడా పసిపిల్లకు ప్రమాదమే.

"ఆడించడానికేనా పంపేది?"

ఏటా జూన్‌లో ఈ మాట వస్తుంది. పోయిన ఏడు ఒక తండ్రి వచ్చి, "టీచర్‌గారూ, మా తోడల్లుడి కొడుకు కాన్వెంటులో ఏబీసీడీలు రాసేస్తున్నాడు. మావోడు ఇంటికొచ్చి ఇసుక దులుపుకుంటున్నాడు" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కొడుకును కూలి పనికి పంపకుండా చదివించుకోవాలన్న ఆశ అది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా పెట్టి ఆటల ద్వారా నేర్పమందని ఆయనకు చెబితే లాభం లేదు. "కూర్చోండి బాబూ" అని వాళ్లబ్బాయి పేజీలు మూడు చదివాను. వాడు ఇటుకలతో గోడ కట్టడం, మూడుసార్లు కూలడం, నాలుగోసారి అడుగున పెద్ద ఇటుకలు పెట్టడం. ఆయన తాపీ మేస్త్రీ. చదువుతుండగానే "అడుగు వెడల్పు లేకపోతే నిలబడదు కదమ్మా" అన్నారు. "మీవాడు ఆ సంగతి వాడంతట వాడే కనుక్కున్నాడు, మూడు రోజుల్లో" అన్నాను. ఆ పేజీ ఫోటో తీసుకుని వెళ్లారు.

ఇంట్లో చూసేవాళ్లకు ఒక మాట. సెల్‌ఫోను పిల్ల చేతిలో ఉంటే మీరు చూడటానికి ఏమీ ఉండదు. కళ్లు తప్ప ఏమీ కదలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్లు నిండని పిల్లలకు తెర అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు. మూడు నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలి, అందులో ఒక గంట బాగా ఆయాసపడేలా. అపార్టుమెంట్లో ఉన్నా సెల్లారులోనో డాబా మీదో ఆ గంట దొరికించుకోండి. మీ ఫోను కూడా పక్కన పెట్టండి. వీడియో తీయడం చూడటం కాదు. ఫోను ఎత్తగానే పిల్ల మీ కోసం ఆడటం మొదలుపెడుతుంది.

పేజీలు ఏం చెబితే జాగ్రత్తపడాలి

ఏడాది నిండుతున్నా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం. ఏడాదిన్నరకు కావాల్సినదాన్ని వేలితో చూపించకపోవడం. రెండేళ్లు వచ్చినా బొమ్మకు అన్నం పెట్టడం, ఫోనులా చెవి దగ్గర పెట్టుకోవడం లాంటి ఉత్తుత్తి ఆట అసలు లేకపోవడం. అంతకుముందు వచ్చిన మాటలో ఆటలో తగ్గిపోవడం. ఎప్పుడూ ఒకే చేత్తో ఆడుతూ రెండో చేతిని వాడకపోవడం, ముఖ్యంగా ఏడాదిన్నర లోపు. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయొద్దు. మూతలన్నీ వరసగా పేర్చడం ఒక్కటే చూసి హడలిపోకండి, చాలామంది పిల్లలు పేరుస్తారు. దాంతోపాటు పైవి కూడా ఉంటే అప్పుడు చూపించాలి.

పేరు మాత్రం మీరు పెట్టకండి. ఆటిజం అనో, బుద్ధి మాంద్యం అనో ఊరంతా చెప్పకండి. ఎడమ పేజీలు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు, అక్కడ వైద్యం ఉచితం. పోయిన సారి వచ్చిన డాక్టరమ్మకు ఒక బాబు పేజీలు ఇస్తే పది నిమిషాలు చదివి, "ఇవన్నీ నేను ఇక్కడ ఐదు నిమిషాల్లో చూడలేను కదా" అన్నారు. వాడు ఆవిడను చూసి ఏడుస్తూ నా కొంగు వెనక దాక్కున్నాడు మరి.

నెలాఖరుకు ఒక సాయంత్రం కేటాయించి ఒక్కో పిల్లవి నాలుగైదు పేజీలు వరసగా చదవండి. కుడి పేజీలో మీరు అనుకున్నది తర్వాతి వారం ఎడమ పేజీతో కలుస్తోందా చూడండి. కలవకపోతే కుడి పేజీ కొట్టేయండి, ఎడమది కాదు. ఒకటో తరగతికి వెళ్లేటప్పుడు ఆ పిల్ల పేజీల్లోంచి మూడు ఏరి, తల్లిదండ్రుల్ని అడిగి, బడి టీచరుకు ఇస్తాను. టీ కొట్టు పాప ఈ జూన్‌లో వెళ్లింది. దాని మూడు పేజీల్లో మొదటిది ఆ చక్కెర పేజీ.